నీళ్లడిగిన రాయి

కరాళదుర్గం మీద ఉదయభానుడి కిరణాలు సోకగానే లోయలోని పొగమంచు తెరలు తెరలుగా విడిపోయింది. ఏడు బురుజులూ, బురుజుకొకటిగా నిలిచిన ఏడు రాక్షసశిరస్సులూ, వాటి నోళ్లలోంచి దూకే చల్లని జలధారలూ, ఆ ధారల తుంపరలో విరిసిన చిన్ని చిన్ని హరివిల్లులూ ఒక్కటొక్కటిగా బయటపడ్డాయి. ఆ శోభను తిలకించి పరవశించవలసిన చందనగిరి యువరాజు సుధన్వుడికి మాత్రం కళ్లు తెరిచే వీలు లేకపోయింది. అప్పుడే అతని ముఖాన తాపీడు సున్నం వచ్చి పడింది.

విసిరింది శత్రువు కాదు. అతను గోడ మీదికి విసిరితే, గోడ తిరిగి ఇచ్చేసింది.

“ఏందబ్బాయ్, గోడకు పెట్టమంటే నీకు నువ్వే పెట్టుకుంటన్నావు? పెళ్లికొడుకువా ఏంది?” అంది పరంజా కింద నిలబడిన చౌడమ్మ.

చౌడమ్మ ఆ కోటలో పెద్ద మేస్త్రీ. వయసు అరవై దాటింది. కొంగు నడుముకు బిగించి, బుగ్గన వక్కపలుకు పెట్టుకుని, గోడకేసి ఒక్క కన్ను మూసి చూసిందంటే గింజెడు వంకర కూడా ఆమెకు దొరికిపోతుంది. మనుషుల్లో వంకర అంతకన్నా త్వరగా దొరుకుతుంది.

సుధన్వుడు పంచె చెంగుతో కళ్లు తుడుచుకున్నాడు. పరుగెత్తే లేడి నీడను బాణంతో కొట్టగలడనీ, మదపుటేనుగును చెవి పట్టుకుని కూర్చోబెట్టగలడనీ అతని మీద ఆస్థానకవులు నూరు పద్యాలు రాశారు. అరవై నాలుగు కళలూ నేర్పామని గురువులు సభలో చెప్పుకున్నారు. తాపీ ఏ చేత్తో పట్టాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. అతను దాన్ని కత్తి పట్టినట్టు పట్టుకుని పరంజా ఎక్కాడు. గోడ మొదటి పోటులోనే గెలిచింది.

ఇంతకూ యువరాజుకు ఈ సున్నం పూసే రాత ఎందుకు పట్టిందంటే, ఆ గోడ మామూలు గోడ కాదు. కరాళదుర్గాన్ని ఏలే ధూమజిహ్వుడు మహామాంత్రికుడు. దారిన పోయేవాళ్లను పట్టి తెప్పించి, “శిలగా మారిపో” అని ఒక్క మాట అనేవాడు. అంతే, మనిషి నిలువునా రాయి. అలా నూట ఒక్క మందిని రాళ్లు చేసి, ఆ రాళ్లతో కోటకు కొత్త గోడ కట్టించాడు. కొండ తొలిచే శ్రమ లేకుండా గోడ లేచిందని అతనికి మహా గర్వం.

ఆ రాళ్లలో ఒకడు వాగ్విలాసుడు. చందనగిరి మంత్రి కొడుకు, సుధన్వుడికి ప్రాణస్నేహితుడు. చెరపట్టిన వాళ్లను విడిపించమని రాయబారానికి వచ్చి, మాంత్రికుడి సభలో నాలుగు ఘడియలు ఏకధాటిగా ఉపన్యసించి, అయిదో ఘడియకు గొంతు సవరించుకుంటూ ఉండగా రాయి అయ్యాడు. అందులో తప్పెవరిదని చందనగిరిలో ఇప్పటికీ రెండు అభిప్రాయాలున్నాయి.

శాపానికి విరుగుడు ఒక్కటే. మాఘపౌర్ణమి నాటి తొలి ఎండ ఆ రాళ్లకు తగిలితే మళ్లీ మనుషులవుతారు. తగలకుండా ఆ రోజు గడిచిందా, ఇక ఎప్పటికీ రాళ్లే. పౌర్ణమి రేపే. అందుకే సాయంత్రానికల్లా గోడంతా సున్నంతో పూసి కప్పెయ్యమని ధూమజిహ్వుడు ఆజ్ఞ వేశాడు. తాపీవాళ్లు కావాలని చుట్టుపక్కల ఊళ్లలో దండోరా వేయిస్తే ఒక్కడూ రాలేదు. వచ్చింది మారువేషంలో ఉన్న సుధన్వుడొక్కడే.

మిగతావాళ్లు రాకపోవడానికి కారణం ఉంది. సాయంత్రం చౌడమ్మ తాపీ పిడితో గోడ పొడుగునా కొట్టి చూస్తుంది. గట్టిగా పట్టిన పూత ఠంగుమంటుంది. గోడకూ పూతకూ నడుమ సందుంటే డొల్ల పలుకుతుంది. డొల్ల పలికిందంటే ఆ పూసినవాడు కూడా రాయే. బురుజుల పనిలో డొల్ల పలికిందని చౌడమ్మ కింద పనిచేసే పన్నెండుమందినీ అలాగే గోడలో చేర్చారు. ఇదంతా దగ్గరుండి చూసేందుకు లంబోష్ఠుడనే రాక్షసభటుణ్ణి కాపలా పెట్టారు. వాడి కింది పెదవి గడ్డం దాకా వేలాడుతుంది. పొద్దున్నే ఉల్లిపాయల బుట్ట ముందేసుకుని కూర్చున్నాడు.

చౌడమ్మ పరంజా ఎక్కి తాపీ లాక్కుంది. “ఇట్టా చూడు. మణికట్టు తిప్పాల. కత్తి తిప్పినట్టు కాదు, పెనం మీద అట్టు తిప్పినట్టు.” బెల్లం నీళ్లూ కరక్కాయ రసమూ పోసి గానుగలో రుబ్బిన సున్నం, ఇసుక కలిసిన ఆ మాలు ఆమె తాపీ మీంచి లేచి గోడకు చప్పున అతుక్కుంది. “ముందుగా దుమ్ము దులపాల. ఆ తర్వాత గోడకు నీళ్లు పట్టాల. అది తాగినంత పొయ్యాల. దప్పికతో ఉన్న గోడ మీద పూశావంటే, పూతలో ఉండే తడంతా గోడే లాగేసుద్ది. సాయంత్రానికి బాగానే ఉంటది. తెల్లారి ముట్టుకుంటే పెచ్చులు పెచ్చులుగా ఊడొస్తది.”

చివరి మాట అంటున్నప్పుడు ఆమె గోడకేసి గాక సుధన్వుడి కళ్లలోకి చూసింది. అతను గమనించలేదు. కంట్లో ఇంకా సున్నం ఉంది.

కానీ మాట మాత్రం చెవిలో పడింది. తెల్లవారితే ఊడి వచ్చే పూత. అతనికి కావలసింది సరిగ్గా అదే. గోడను విరగ్గొట్టాలనీ, మాంత్రికుడితో ద్వంద్వయుద్ధం చెయ్యాలనీ దారి పొడుగునా వేసుకున్న పథకాలన్నీ ఆ క్షణంలోనే వదిలేశాడు.

ఇక చూడండి పని. చీపురు నీళ్లకుండలో ముంచి గోడ మీద చల్లినట్టే చల్లి, ఆ నీళ్లన్నీ భుజం మీదుగా వెనక్కి విసిరాడు. దుమ్ము దులపలేదు సరికదా, దోసెడు దుమ్ము అదనంగా చల్లాడు. మొదట్లో మాలు మందంగా కొట్టి, అది జారి కాళ్ల మీద పడితే గెంతాడు. రెండోసారి పలచగా కొట్టాడు, నిలిచింది. తూకపు గుండు వేలాడగట్టి నిలువు చూసుకున్నాడు. పొడుగాటి బద్ద రెండు చేతుల్తో పట్టి, ఎక్కువైనదాన్ని గీరి, పల్లం ఉన్నచోట నింపాడు. చేతులు పొక్కాయి. జబ్బలు పడిపోయాయి. ఇరవై మందితో ఒంటరిగా పోరాడిన నాడు కూడా ఇంత అలసట ఎరగడు. మధ్యాహ్నానికి నాలుగు వంతుల్లో మూడు వంతుల గోడ తెల్లబడింది.

వెనక్కి విసిరిన నీళ్లన్నీ లంబోష్ఠుడి నెత్తిన పడుతున్నాయి. వాన పడుతోందనుకుని వాడు రెండుసార్లు ఆకాశంకేసి చూశాడు. ఎక్కడా మబ్బు లేదు. వాడికి అది చాలా పెద్ద ఆలోచన అయిపోయి నిద్ర పట్టేసింది.

“ఒరేయ్ సుధన్వా,” అంది గోడ.

సుధన్వుడి చేతిలో తాపీ జారిపోబోయింది. ఎదురుగా ఛాతీ ఎత్తున, ఇంకా పూత పడని గోడ నడుమ ఒక పొడుగుముక్కు రాయి ఉంది.

“వాగ్విలాసా, నువ్వేనా? రాయివై కూడా మాట్లాడుతున్నావా?”

“రాళ్లందరం మాట్లాడగలం. మిగతావాళ్లకు చెప్పుకోవలసినవి లేవు, అంతే. పొద్దుట్నించీ నీ పని వింటున్నాను. నీ పేరును విడదీయకూడని చోట విడదీస్తే సుధ వస్తుంది. సుధ అంటే అమృతమూ అవుతుంది, సున్నమూ అవుతుంది. మహారాజుగారు ఏది తలచుకుని పెట్టారో ఇవాళ తెలిసింది.”

సుధన్వుడికి కోపం రావలసింది. నవ్వొచ్చింది, దాంతోపాటు కళ్లలో నీళ్లూ వచ్చాయి. నెల రోజులుగా ఈ గొంతు మళ్లీ వింటానో లేదోనని అతను తిండి సరిగా తినలేదు. గొంతు తగ్గించి తన ఉపాయమంతా చెప్పాడు.

“ఉపాయం బాగుంది. సాయంత్రం మేస్త్రీ కొట్టి చూస్తే డొల్ల పలుకుతుందే, దానికేం చేస్తావు?”

“దానికా?” అన్నాడు సుధన్వుడు. ఆ సంగతి ఆలోచించలేదు.

“అదే నాకు తెలుసు. నువ్వు ఆలోచించని దాన్ని ఆలోచించడానికే మా నాన్న నన్ను కన్నాడు. వినుకో. ఎవరి మీద దెబ్బ పడితే వాళ్లు లోపల్నించి నోటితో ఠంగ్ అంటారు. మిగతా నూరుమందికీ నేను కబురు పంపిస్తాను.” ఆ వెంటనే గోడలో ఈ చివరినుంచి ఆ చివరికి గుసగుస పాకింది. తర్వాత వాగ్విలాసుడి గొంతు సన్నబడింది. “సుధన్వా, నెల రోజులైందిరా నీళ్లు తాగి. ఎండ, దుమ్ము. నాలుక ఆర్చుకుపోయింది. ఒక్క గుక్కెడు పోస్తావా?”

సుధన్వుడు మరేమీ ఆలోచించలేదు. కుండ ఎత్తి ఆ రాయి మీద పోశాడు. అది గటగటా తాగింది. ఇంకో కుండ పోశాడు. పైపంచె తీసి రాయి నుదుటి మీదా పొడుగుముక్కు మీదా దుమ్మంతా తుడిచాడు. అప్పుడు అక్కడ పూత వేశాడు. తాపీ గోడ మీద మెత్తగా సాగిపోయింది. మాలు పెట్టినచోట పెట్టినట్టు కూర్చుంది. ఇంకొంచెం నున్న చేశాడు, అంచులు తీశాడు, వెనక్కి జరిగి చూసుకుని మళ్లీ ఒకసారి నునుపు పట్టాడు. అద్దంలా మెరిసింది. పుట్టి ఇరవై రెండేళ్లలో తన చేత్తో ఒక వస్తువు ఇంత చక్కగా కుదరడం అతనికి అదే మొదటిసారి. కిరీటం పెట్టినప్పుడు కూడా ఇంత సంతోషం కలగలేదు. ఆ సంతోషంలో తానేం చేశాడో అతనికీ తట్టలేదు, నీళ్లు తాగిన హాయిలో వాగ్విలాసుడికీ తట్టలేదు.

మిగిలిన గోడను సుధన్వుడు మళ్లీ నీళ్లు పట్టకుండానే పూసి ముగించాడు. పొద్దు వాలుతుండగా చౌడమ్మ తాపీ తిరగేసి పట్టుకుని వచ్చింది. లంబోష్ఠుడు పెదవి పైకి లాక్కుని, చెవులు రిక్కించి, వెనకాలే నడిచాడు.

తాపీ పిడి పడింది. “ఠంగ్” అంది గోడ. మళ్లీ పడింది. “ఠంగ్.” ఒకచోట మంద్రంగా, ఒకచోట కీచుగా, ఒకచోట మధ్యలో దగ్గు వచ్చి, మొత్తానికి ప్రతి దెబ్బకూ జవాబొచ్చింది. చౌడమ్మ ముఖంలో ఏమీ కనిపించడం లేదు.

గోడ మూడు వంతులు దాటాక చౌడమ్మ చెయ్యి ఎత్తింది. దెబ్బ ఇంకా పడలేదు.

“ఠంగ్” అంది గోడ.

లంబోష్ఠుడు నోట్లోని ఉల్లిపాయ నమలడం ఆపాడు. చౌడమ్మ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి ఆ రాయి వైపు చూసింది. సుధన్వుడు పంచెలో దాచిన బాకు పిడి మీద చెయ్యి వేశాడు.

“కొట్టకముందే మోగుద్ది, చూశావా,” అంది చౌడమ్మ లంబోష్ఠుడితో. “అంత గట్టిగా పట్టింది పూత. పోయి దొరకు చెప్పు, పని అయిందని. చివరి నాలుగు బారలు చూడక్కర్లేదు. ఎనకెనకే నిలబడమాక, ఉల్లిగడ్డ కంపు.”

వాడు నమ్మాడు. వాడు వెళ్లేదాకా ఆగి చౌడమ్మ గోడకు దగ్గరగా వంగింది. “ఓబన్నా, ఇరవై ఏళ్లు నా కింద చేశావు. ఒక్కనాడన్నా పనికి పెందలాడే వచ్చావా? ఇయ్యాళ ముందొచ్చావు,” అంది. గోడలోంచి ఎవరో సిగ్గుగా క్షమించమన్నారు. ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది.

“నీకు ముందే తెలుసా?” అన్నాడు సుధన్వుడు.

“నువ్వు తాపీ కత్తిలా పట్టుకున్నప్పుడే తెలుసు. అందుకే పనిలో పెట్టుకున్నా. నా పన్నెండుమంది ఈడ ఉండారు. వాళ్ల కోసం డొల్ల పని చేద్దామని నేను ఎంత తంటాలు పడ్డానో నీకేం తెలుసు. చెయ్యి రాదబ్బాయ్. నీళ్లు పట్టకుండా పూద్దామనుకుంటా, నేననుకునేలోపే చెయ్యి పోయి కుండ ఎత్తుద్ది. చెడగొట్టాలంటే రానోడు కావాల. నీ అంత రానోణ్ణి నా జన్మలో చూళ్లేదు.”

ఆస్థానకవుల నూరు పద్యాల కన్నా ఆ మాట సుధన్వుడికి గర్వంగా అనిపించింది.

తెల్లవారింది. తూర్పుకొండ అంచు ఎర్రబడుతుండగా శంఖాలు మోగాయి, తూర్యాలు మోగాయి. నల్లపట్టు అంగీ నేలమీద జీరాడుతూ, మెడలో కపాలమాలిక ఊగుతూ, వెండి పొన్ను తొడిగిన మంత్రదండం చేతబట్టి ధూమజిహ్వుడు వేంచేశాడు. మాట్లాడినప్పుడల్లా అతని నాలుక మీంచి నీలిపొగ లేస్తుంది. తెల్లగా మెరిసే గోడను చూసి అతను మురిసిపోయాడు. తానే స్వయంగా పరీక్షించదలిచి దండంతో గోడ చివరి బారల నడుమ కొట్టాడు.

ఠంగ్.

గంట మోగినట్టు మోగింది. కోటంతా వినిపించింది. అది నోటితో అన్న శబ్దం కాదు, నిజమైన పూత నిజంగా పలికిన పలుకు. నీళ్లు తాగిన రాయి. తాను పోసిన నీళ్లు. అప్పటికిగాని నిన్న చేసిన పని అతనికి అర్థం కాలేదు.

“భేష్” అని ధూమజిహ్వుడు ఒక బార పక్కకు జరిగి ఇంకో దెబ్బ వేశాడు. ఆ దెబ్బతో గోడ పైనుంచి కిందిదాకా సన్నటి గీత పాకింది. అతను తలెత్తి నోరు తెరిచి చూశాడు. నోరు మూసేలోపు ఆ ఒక్క రాయి మీది తప్ప గోడ పూతంతా ఒక్కసారిగా ఊడి అతని మీద పడింది.

సున్నపు దుమ్ము మేఘంలా లేచింది. సరిగ్గా అప్పుడే సూర్యుడు కొండ దాటాడు. బంగారు కాంతి ఆ దుమ్ములోంచి దూసుకువచ్చి రాళ్లను తాకింది. బూడిదరంగు పోయి బుగ్గలు ఎర్రబడ్డాయి, పగుళ్లు కనురెప్పలై విచ్చుకున్నాయి, గరుకు అంచులు వేళ్లై కదిలాయి. రైతులు, నేతగాళ్లు, ఒక హరికథకుడు, ఇద్దరు కొత్త దంపతులు, పన్నెండుమంది తాపీవాళ్లు, అందరూ తుమ్ముతూ దగ్గుతూ గోడలోంచి బయటికి నడిచారు. గోడలో మనుషులంతా వెళ్లిపోయాక గోడంటూ ఏం మిగులుతుంది? నేలమీద ఒక్క రాయి, తెల్లటి నునుపైన పూతలో, పెళ్లికి ముస్తాబైనట్టు నిలబడి ఉంది.

“అందరూ వెళ్లిపోయారా?” అంది లోపల్నించి ఒక గొంతు. “నాకేమీ కనిపించడం లేదు. ఎవరైనా వర్ణించి చెప్పండి.”

ధూమజిహ్వుడు మెడలోతు సున్నంలోంచి తల పైకెత్తాడు. తాంబూలంలో చిటికెడు సున్నం ఎక్కువైతేనే నోరు పొక్కుతుంది. అతని నోట్లో దోసెడు ఉంది. నాలుక ఉబ్బిపోయింది. సుధన్వుడి వైపు వేలు చూపించి, “శిలగా మారిపో” అనబోయాడు.

“చిలగ్గా మాలిపో,” అని వచ్చింది.

సుధన్వుడు పక్కకు దూకాడు. వెనకాల ఉన్న లంబోష్ఠుడికి తగిలింది. వాడు ఉన్నచోటే చిన్నబోయి, పచ్చబడి, ముక్కు వంకర తిరిగి, చిలకై ఎగిరిపోయాడు. పెదవి బరువు తగ్గినందుకు వాడు సంతోషించాడనే చెప్పాలి.

చౌడమ్మ ఉలి తీసుకుని ఒక్క ఉరుకులో రాయి దగ్గరికి వచ్చింది. గట్టిగా నాలుగు దెబ్బలు కొట్టింది. గోరంత పెచ్చు లేచింది. ఆమె వేలితో అంచు తడిమి చూసింది. “అంచు బాగా తీశావబ్బాయ్,” అంది ఉండబట్టలేక. ఆ వెంటనే ముఖం మారింది. “నీళ్లు పట్టావా దీనికి?”

“దాహమన్నాడు,” అన్నాడు సుధన్వుడు.

చౌడమ్మ ఇంక తిట్టలేదు. కొండ మీది ఎండ అప్పటికే నేలంతా పరుచుకుంది. ఇక్కడ తొలి ఎండ అయిపోయింది. ఆమె పడమటి వైపు చూసింది.

“నల్లలోయ ఉండాది. చుట్టూ కొండలు. జాము పొద్దెక్కితేగాని ఆడ ఎండ పడదు. పూత ఆరి చావదని ఆ లోయలో నేనెప్పుడూ పని ఒప్పుకోను. ఇయ్యాళ్టి తొలి ఎండ ఆడికింకా రాలేదు.”

ఇంకేముంది. ధూమజిహ్వుడి నల్లగుర్రం కళ్లెం తెంపుకోబోతూ దగ్గర్లోనే గింజుకుంటోంది. సుధన్వుడు రాయిని గుండెలకు హత్తుకుని ఎత్తి, గుర్రమెక్కి ముందు పెట్టుకున్నాడు. చౌడమ్మ అరవై ఏళ్లూ మరిచి వెనక ఎక్కింది. అతని చంకకింద నుంచి చెయ్యి చాచి, గుర్రం దౌడు తీస్తుండగానే ఉలి ఆడించడం మొదలుపెట్టింది. కోటద్వారం వెనకపడింది. రాళ్లవాగు దాటారు. ముళ్లపొదలు గీరుకున్నాయి. ముందు నల్లలోయ చీకటిగా కనిపిస్తోంది, దాని పైకొండ అంచు మాత్రం క్షణక్షణానికీ తెల్లబడుతోంది.

“ముక్కు జాగ్రత్తమ్మా,” అంది రాయి. “సుధన్వా, ఒక మాట అడగనా?”

“ఇప్పుడా?”

“పుట్టి బుద్ధెరిగాక నీ చేత్తో నువ్వు పద్ధతిగా చేసిన పని ఇదొక్కటే. నా దగ్గరికి వచ్చేసరికే నీకు పని రావాలా?”

“నువ్వు నీళ్లడిగావురా,” అన్నాడు సుధన్వుడు.

రాయి జవాబు చెప్పలేదు. వాగ్విలాసుడు మాటకు మాట చెప్పకపోవడం సుధన్వుడు చూడడం అదే మొదటిసారి. అతను రాయిని ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాడు. ఉలి కింద ఇంకో పెచ్చు లేచి, నుదుటి మీద గవ్వంత మేర రాయి బయటపడింది.

అంతలో వెనకనుంచి, కోట బురుజు మీది జలధార దగ్గర్నించి, ఎవరో నోరు పుక్కిలించి ఉమ్మిన చప్పుడు కొండల్లో మారుమోగింది. ఆ తర్వాత ధూమజిహ్వుడి గొంతు గాలిలో తేలుతూ వచ్చింది.

ఈసారి “శిలగా” అన్న మాటలో శకారం తప్పిపోలేదు.